గాడిలో నడచిన పాట

ఇంగ్లీషులో 'రట్' అనే చిన్న మాట ఒకటి ఉన్నది. బండి చక్రాలు పదేపదే నడవగా మట్టిబాటలో పడిన గాడికి అది పేరు. మన తెలుగునాట 'సంసారం గాడిలో పడినది' అంటే విన్నవారు సంతోషిస్తారు. 'గాడి తప్పినది' అంటే విచారిస్తారు. ఇంగ్లీషువాడికి ఇది తలక్రిందులు. అతని దృష్టిలో గాడిలో పడినవాడు కదలిక లేనివాడు, పాత జాడలోనే ఈడ్చుకొనిపోతున్నవాడు. ఈ విషయంలో హిందీవారు ఇంగ్లీషువారికి దగ్గర. గీచిన గీత దాటని మనిషిని వారు 'లకీర్ కా ఫకీర్' అని ఎగతాళి చేస్తారు. ఒక భాష మెచ్చుకొన్న దానిని మరొక భాష తిట్టుగా వాడుకొనడం అనువాదకునికి కొత్త అనుభవం కాదు. అయినా 1977లో లండను పడమటి అంచున నలుగురు యువకులు తమ వాద్యబృందానికి 'రట్స్' అని పేరు పెట్టుకొన్న సంగతి చదివినప్పుడు నేను ఈ మాట దగ్గర చాలసేపు ఆగిపోయినాను. గ్రామఫోను ప్లేటు మీద ముల్లు నడిచేది కూడ ఒక గాడిలోనే కదా! ఆ గాడిలో ముల్లు ఉన్నంతసేపే పాట; గాడి తప్పితే గీరుడు శబ్దం తప్ప మరేమీ వినిపించదు.

చరిత్ర వ్రాయబూనినవాడు శాసనాలు వెదకుతాడు, కైఫీయతులు తిరగవేస్తాడు, ప్రభుత్వపు దస్తావేజులు దుమ్ము దులుపుతాడు. ఒక రూపాయికో పావలాకో అమ్ముడుపోయే పాత రికార్డును అతడు సాధారణంగా తాకడు. అది అభిమానుల సొత్తు, ఆటవస్తువు అని అతని అభిప్రాయం. రట్స్ బృందం వెలువరించిన ఆరు చిన్న రికార్డుల కథ ఈ అభిప్రాయాన్ని మార్చుకొమ్మని చెబుతుంది. ఆ కథలో మన దేశం నుండి వెళ్ళినవారి రక్తం కూడ కలిసి ఉన్నది కనుక అది మనకు పరాయి కథ కాదు.

లండనుకు పడమట మిడిల్‌సెక్స్ ప్రాంతంలో హేస్, సౌతాల్ అని ఇరుగుపొరుగు ఊళ్ళు రెండు ఉన్నవి. హేస్ పేరు మన ఇళ్ళలో ఎవరూ ఎరుగకపోయినా అక్కడి సరుకు మన తాతల ఇళ్ళలో ఉండేది. బాకా ముందు చెవి ఒగ్గి కూర్చున్న కుక్క బొమ్మను గుర్తుగా పెట్టుకొన్న గ్రామఫోను కంపెనీ 1907లో తన కర్మాగారాన్ని హేస్‌లో కట్టడం ప్రారంభించినది. మరుసటి ఏడు, 1908లో, అదే కంపెనీ కలకత్తాలో రికార్డులు అచ్చువేయడం మొదలుపెట్టినది. తెలుగు నాటక పద్యాలు పల్లెపల్లెకూ చేరినది ఆ కుక్క బొమ్మ ప్లేట్ల మీదనే. ఆ రోజుల ప్లేట్లకు ముఖ్యమైన ముడిపదార్థం లక్క; ప్రపంచానికి కావలసిన లక్కలో పెద్ద భాగం మన దేశపు అడవుల నుండే పోయేది. 1949లో నిమిషానికి 45 చుట్లు తిరిగే ఏడంగుళాల చిన్న రికార్డు అమెరికాలో పుట్టిన తరువాత లక్క యుగం మెల్లమెల్లగా ముగిసినది. ఒక్కొక్క వైపు ఒక్కొక్క పాటతో వచ్చే ఈ చిన్న రికార్డునే అక్కడివారు 'సింగిల్' అన్నారు.

సౌతాల్ వృత్తాంతం వేరు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత బ్రిటనుకు పనివారు కావలసి వచ్చినారు. 1950 తరువాతి సంవత్సరాలలో హేస్‌లోని ఊల్ఫ్ రబ్బరు కర్మాగారం పంజాబీలను పనిలోకి తీసుకొన్నది. వేడిలో, వాసనలో, రాత్రింబవళ్ళు చేయవలసిన పని అది. తెల్లవారు ఇష్టపడని పని. పనిచేసేవారు దగ్గరలోని సౌతాల్‌లో అద్దె గదులు చూసుకొన్నారు. తరువాత భార్యాబిడ్డలు వచ్చినారు. 1957లో అక్కడ భారతీయ కార్మిక సంఘం ఏర్పడినది. గురుద్వారాలు, మిఠాయి అంగళ్ళు, హిందీ చిత్రాలాడే సినిమాశాల అన్నీ అమరినవి. కరీబియన్ ద్వీపాల నుండి వచ్చిన నల్లవారు కూడ ఆ వీధులలోనే కాపురాలు పెట్టినారు.

1976 జూన్ 4వ తేదీన గురుదీప్ సింగ్ చగ్గర్ అనే యువకుడిని సౌతాల్‌లో నడివీధిలో కత్తితో పొడిచి చంపినారు. పెద్దల వినతిపత్రాలతో విసిగిన పిల్లలు ఆ హత్య తరువాత తమ సొంత యువజనోద్యమాన్ని నిర్మించుకొన్నారు. ఆ ఏడే ఆగస్టులో బర్మింగ్‌హాం వేదిక మీద ప్రసిద్ధ గిటార్ వాదకుడు ఎరిక్ క్లాప్టన్ వలసవచ్చిన వారికి వ్యతిరేకంగా మాట్లాడినాడు. నల్లవారి సంగీతం పుణ్యమా అని పేరు గడించినవాడు అట్లా మాట్లాడడం కొందరికి సహింపరాని విషయమైనది. వారు పత్రికకు వ్రాసిన ఉత్తరం నుండి 'రాక్ ఎగెనెస్ట్ రేసిజం' అనే సంస్థ పుట్టినది. జాతివిద్వేషానికి ఎదురుగా తెల్లవారి బృందాన్ని, నల్లవారి బృందాన్ని ఒకే వేదిక మీద నిలిపి కచేరీలు చేయించడం దాని పద్ధతి.

సరిగా అదే కాలంలో ఇంగ్లండులో 'పంక్' అనే సంగీతం లేచినది. ఆ మాటకు పనికిమాలిన పోకిరి అని ఒక అర్థం. మన పాఠకులకు పంకమే స్ఫురించవచ్చు. అదీ తప్పు కాదు. ఈ సంగీతానికి విద్వత్తు అక్కరలేదు. మూడు శ్రుతులు, వేగం, గొంతులో కోపం ఉంటే చాలును. సంగీతంలో వచ్చిన మార్పు కంటే రికార్డు తయారీలో వచ్చిన మార్పు పెద్దది. మాంచెస్టరులోని బజ్‌కాక్స్ బృందంవారు 500 పౌన్లు అప్పుచేసి, పెద్ద కంపెనీల గడప త్రొక్కకుండా, 1977 జనవరిలో తమ మొదటి చిన్న రికార్డును 1,000 ప్రతులతో తామే వెలువరించినారు. అది చూసిన ప్రతి ఊరి పిల్లలకూ ధైర్యం వచ్చినది. మన చిన్న పత్రికల చరిత్ర తెలిసినవారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. కావ్యం అచ్చువేయలేనివాడు కరపత్రం వేస్తాడు. కరపత్రం చేతులు మారుతుంది.

రట్స్ బృందంలో మాల్కం ఓవెన్ గాయకుడు; పాల్ ఫాక్స్ గిటార్, జాన్ జెన్నింగ్స్ బేస్ గిటార్, డేవ్ రఫీ డ్రమ్ములు వాయించేవారు. జెన్నింగ్స్‌ను అభిమానులు 'సెగ్స్' అనే ముద్దుపేరుతోనే పిలుస్తారు. అదే ప్రాంతంలో నల్లవారి బృందం ఒకటి ఉండేది. పేరు 'మిస్టీ ఇన్ రూట్స్'. వారిది జమైకా ద్వీపంలో పుట్టిన రెగే సంగీతం. ఆ బృందానికి అనుబంధంగా సౌతాల్‌లో 'పీపుల్ యునైట్' అనే సహకార సంస్థ నడిచేది. రట్స్ మొదటి సింగిల్ 1979 ఆరంభంలో ఈ సహకార సంస్థ పేరుతోనే వచ్చినది. నల్లవారు నడిపే సంస్థ తెల్లవారి పాటను అచ్చువేసినదన్నమాట. ముందు వైపు పాట 'ఇన్ ఎ రట్'. వెనుక వైపు పాట 'హెచ్-ఐస్'. హెరాయిన్ అనే మత్తుమందుకు లోబడిన వ్యక్తిని మందలించే పాట. ఈ వెనుక వైపును పాఠకులు గుర్తుంచుకొనవలెనని మనవి.

బి.బి.సి. రేడియోలో జాన్ పీల్ అనే ప్రయోక్త ఉండేవాడు. పేరులేని బృందాల రికార్డులను ఏరి వినిపించడం అతని వ్రతం. రట్స్‌ను దేశానికి చాటినవారిలో అతడు ముఖ్యుడు. పిమ్మట వర్జిన్ కంపెనీ ద్వారా 1979 జూన్‌లో 'బాబిలన్స్ బర్నింగ్' వచ్చి బ్రిటిష్ జాబితాలో 7వ స్థానానికి ఎక్కినది. బృందానికి అంతకంటె ఎత్తైన మెట్టు మరి లభించలేదు. అదే సంవత్సరం 'సమ్‌థింగ్ దట్ ఐ సెడ్' 29వ స్థానాన్ని అందుకొన్నది. 'ది క్రాక్' అనే పెద్ద రికార్డు కూడ ఆ ఏడే వెలువడినది. అందులో 'సస్' అనే పాట ఒకటి. అనుమానం పేరుతో ఎవరినైనా వీధిలో నిలిపి పట్టుకొనడానికి 1824 నాటి దేశదిమ్మరుల చట్టం పోలీసులకు అధికారమిచ్చేది. ఆ అధికారానికి వాడుకలో 'సస్' అని పేరు. నల్లపిల్లల మీద అది ఎక్కువగా ప్రయోగింపబడేది. 1981లో ఆ నిబంధన రద్దయినది.

'బాబిలన్' అనే మాటను గురించి రెండు మాటలు చెప్పవలె. బైబిలులో అది యూదులను చెరపట్టిన నగరం. జమైకాలోని రాస్తఫారీలు ఆ మాటను తీసుకొని, తమను అణచిన పాలననంతటినీ, వీధిలోని పోలీసును సైతం, బాబిలన్ అన్నారు. వారి నుండి అది లండను పొలిమేరలోని తెల్ల యువకుని నోటికి వచ్చినది. దానిని తెలుగు చేయవలెనంటే 'లంక' అనవచ్చునా? లంక కాలినది నిజమే; కాని మన కథలో చెరపడినది ఒక్క సీత, వారి కథలో జాతి అంతా. అందువలన ఆ మాటను అట్లాగే ఉంచినాను. అనువాదం కాని మాటలు కొన్ని ఉండడమే మేలు. ఎవరి బాధ ఎవరి నోట పలికినదో అవి సాక్ష్యం చెబుతవి.

1979 ఏప్రిల్ 23. సార్వత్రిక ఎన్నికలకు ఇంకా పది రోజులు ఉన్నవి. వలసవచ్చినవారిని వెళ్ళగొట్టవలెనని ప్రచారం చేసే నేషనల్ ఫ్రంట్ పార్టీ తన ఎన్నికల సభను సౌతాల్ టౌన్‌హాలులో పెట్టుకొన్నది. అభ్యర్థికి ప్రభుత్వ భవనంలో సభ జరుపుకొనే హక్కు చట్టం ఇచ్చినది గనుక స్థానిక మండలి అనుమతించినది. ఊరివారు వద్దని ఎంత మొరపెట్టినా లాభం లేకపోయినది. అంగళ్ళు మూసినారు, పనివారు కర్మాగారాలు విడిచి వచ్చినారు. రెండున్నర వేలకు పైగా పోలీసులు ఊరిని దిగ్బంధం చేసినారు. సాయంకాలానికి గుర్రాలు, లాఠీలు కదలినవి. మూడు వందలకు మించి జనాన్ని నిర్బంధించినారు. న్యూజిలాండు నుండి వచ్చి లండనులో ఉపాధ్యాయుడుగా పనిచేస్తున్న బ్లెయిర్ పీచ్, 33 ఏండ్లవాడు, తలకు తగిలిన దెబ్బతో ఆ రాత్రి మరణించినాడు. పీపుల్ యునైట్ ఇంటిలోకి పోలీసులు జొరబడి మనుషులను కొట్టినారు, వాద్యాలను, యంత్రాలను పగులగొట్టినారు. మిస్టీ బృందపు నిర్వాహకుడు క్లారెన్స్ బేకర్ తలపుర్రె చిట్లి స్పృహ కోల్పోయినాడు. రట్స్ మొదటి రికార్డుకు నీడనిచ్చిన ఇల్లు ఆ విధంగా ధ్వంసమైనది.

బ్లెయిర్ పీచ్ అంత్యక్రియలకు ముందు అతని దేహాన్ని సౌతాల్‌లోని డొమీనియన్ సినిమాశాలలో ఉంచినారు. తమ జాతివాడు కాని, తమ మతంవాడు కాని ఆ మనిషి ముందు వేలమంది సిక్కులు వరుసలో నడిచి నమస్కరించినారు. 1980 మేలో విచారణ జరిపిన జ్యూరీ దానిని దుర్ఘటనగా పేర్కొన్నది. ఆ మరణానికి పోలీసు దెబ్బయే కారణమై ఉండవచ్చునని పోలీసు అధికారి కాస్ వ్రాసిన నివేదిక 31 సంవత్సరాలు మూతపడి ఉండి 2010 ఏప్రిల్‌లో బయటికి వచ్చినది. ఎవరి మీదనూ నేరారోపణ జరగలేదు.

నివేదిక మూతపడి ఉన్న ఆ కాలమంతా ఒక చిన్న రికార్డు మాత్రం అంగళ్ళలో తెరచి ఉన్నది. 1979 చివరలో రట్స్ వెలువరించిన 'జా వార్' క్లారెన్స్ బేకర్‌కు తగిలిన దెబ్బను గురించిన పాట. పంక్ వేగాన్ని విడిచి, బేస్ గిటార్‌ను ముందుకు తెచ్చి, దీర్ఘమైన రెగే నడకలో దానిని కూర్చినారు. 7వ స్థానం చూసిన బృందానికి ఈ పాట జాబితాలో ఎక్కడా చోటు సంపాదించి పెట్టలేదు. వ్యాపార దృష్టితో చూస్తే అది నష్టం. ఈ బృందాన్ని నేటికీ తలచుకొనే శ్రోతలు మాత్రం దానిని పైవరుసలో పెడతారు.

ఇక్కడ అభిమానుల జ్ఞాపకాన్ని కొంచెం పరీక్షించవలసి ఉన్నది. 'బాబిలన్స్ బర్నింగ్' సౌతాల్ ఘటన మీద వ్రాసిన పాట అని చాలమంది అనుకొంటారు. ఏప్రిల్‌లో ఊరు రగిలినది, జూన్‌లో పాట వచ్చినది. ఆ ముడి వేసుకొనడం సహజం. కాని 1979 జనవరిలోనే జాన్ పీల్ కార్యక్రమం కోసం బృందం ఆ పాటను పాడి ఉన్నది. పాట ముందు, ఘటన తరువాత. జ్ఞాపకం తారీఖులను తారుమారు చేసినది. అట్లాగని జ్ఞాపకాన్ని అబద్ధం అనలేము. ఊరిలో ఏమి రాబోతున్నదో ఆ వీధులలో తిరిగేవారందరికీ ముందే తెలుసుననడానికి ఆ జనవరి నాటి పాట సాక్ష్యం. తారీఖు సరిచేయడం చరిత్రకారుని పని. ఆ తప్పు ఎందుకు జరిగినదో గ్రహించడం కూడ అతని పనియే.

1980 ఏప్రిల్‌లో వచ్చిన 'స్టేరింగ్ ఎట్ ది రూడ్ బాయ్స్' 22వ స్థానానికి చేరినది. దాని వెనుక వైపు 'లవ్ ఇన్ వేన్' కూడ మత్తుమందును గురించినదే. ఆ పాటలు పాడుతున్న గొంతే ఆ మందుకు బానిస అయినది. సహచరులు మందలించినారు, విడిపోయినారు, తిరిగి దగ్గరైనారు. 1980 జూలై 14న మాల్కం ఓవెన్ హెరాయిన్ వలన మరణించినాడు. మొదటి రికార్డు వెనుక వైపున పాడిన హెచ్చరిక పాడినవానికే ఉపయోగపడలేదు. వేమనను వల్లించినవారందరూ వేమన చెప్పినట్లు నడిచినారా? చివరి సింగిల్ 'వెస్ట్ వన్' అతని మరణం తరువాత ఆగస్టులో వెలువడినది. మొదటి సింగిల్ నుండి చివరిదాకా రెండేండ్లు నిండలేదు.

మిగిలిన ముగ్గురు తమ పేరుకు 'డి.సి.' అని రెండక్షరాలు చేర్చుకొన్నారు. 'దా కాపో' అనే ఇటాలియను సంగీత సంజ్ఞకు అది సంక్షేపం. 'తిరిగి మొదటి నుండి' అని దాని అర్థం. ఆ పేరుతో 1981లో 'ఆనిమల్ నౌ', 1982లో మ్యాడ్ ప్రొఫెసర్ అనే రెగే శబ్దశిల్పి సహాయంతో 'రిథం కొలిజన్' వెలువరించి, 1983లో విడిపోయినారు. అంతకుముందే 1980లో కెవిన్ కోయిన్ అనే గాయకుని రికార్డుకు వీరు వాద్య సహకారం అందించినారు. వృద్ధ స్కా గాయకుడు లారెల్ ఐట్కెన్ వెనుక నిలిచి వాయించినారు. తరువాత రఫీ 'ఆజ్‌టెక్ కామెరా' మొదలైన బృందాలకు డ్రమ్ములు వాయించినాడు. సెగ్స్ 'అలబామా 3' బృందంతో కలిసి పనిచేసినాడు. ఫాక్స్ 'డర్టీ స్ట్రేంజర్స్' వంటి బృందాలలో గిటార్ పట్టినాడు.

ఈ పక్కదారుల రికార్డులను వెదకి కూర్చుకొనడం అభిమానులకు ఒక తపస్సు. ఎవరి రికార్డులో ఏ పాటకు ఎవరు డ్రమ్ము వాయించినారో వారికి కంఠస్థం. డి.సి. చేర్చుకొన్నవారు అసలు రట్స్ అవునా కాదా అన్నది వారిలో తెగని వాదం. చూసేవారికి ఇది వెర్రిగా తోచవచ్చు. కాని ప్రతి తాళపత్ర ప్రతికీ పాఠాంతరాలు గుర్తించిన మన పండితుల శ్రద్ధకు, దీనికి జాతిభేదం లేదని నా నమ్మకం. అచ్చుకాని పేరును, మరచిపోయిన వెనుక వైపును కాపాడేది ఇటువంటి శ్రద్ధయే.

అయితే ఆ శ్రద్ధకు ఒక హద్దు ఉన్నది. 1977లోనే సౌతాల్‌లో 'ఆలాప్' అనే పంజాబీ బృందం ఏర్పడి భాంగ్రాను పెళ్ళిపందిరి నుండి వేదిక మీదికి తెచ్చినది. ఆలాప్ విన్న కుటుంబాలలో రట్స్ రికార్డు కొన్నవారు అరుదు. రట్స్ అభిమానులలో ఆలాప్ పేరు ఎరిగినవారు అంతకంటె అరుదు. ఒకే ఊరు, ఒకే సంవత్సరం, రెండు గాడులు. ఈ రెంటి మధ్య వంతెన వేయజూసినవారు లేకపోలేదు. పరసంస్కృతి జనం దేశాన్ని ముంచెత్తుతారన్న భయాన్ని గురించి 1978 జనవరిలో మార్గరెట్ థాచర్ టెలివిజనులో మాట్లాడినారు. ఆ మాటనే ఎత్తిపొడుస్తూ పాకిస్తానీ కుటుంబాల పిల్లలు ముగ్గురు, వెల్ష్ పేరు గల మిత్రుడొకడు దక్షిణ లండనులో 'ఏలియన్ కల్చర్' అనే పంక్ బృందం పెట్టినారు. 1980లో వారు ఒకే ఒక సింగిల్ వెలువరించినారు. అది చాలదా?

పంక్ శబ్దం ఎప్పుడూ న్యాయం పక్షాననే ఉన్నదని కూడ అనుకొనరాదు. 1981 జూలై 3న సౌతాల్‌లోని హాంబరో టావెర్న్ అనే మద్యశాలలో మూడు తెల్లవారి బృందాల కచేరీ పెట్టినారు. తాము జాతివిద్వేషులము కామని ఆ బృందాలు తరువాత చెప్పుకొన్నవి. కాని వెంట వచ్చినవారిలో కొందరు అంగళ్ళ మీద పడినారన్న వార్తతో ఊరి ఆసియా యువకులు ఆ మద్యశాలను తగులబెట్టినారు. నాలుగు వీధుల అవతల రట్స్‌ను ఆదరించిన ఊరే అది. వాద్యాలు అవే, వేగం అదే. ఎవరి ఇంటి ముందు, ఎవరిని వెంటబెట్టుకొని పాడుతున్నారన్నదే తేడా.

2007లో పాల్ ఫాక్స్ క్యాన్సరు వ్యాధితో బాధపడుతున్నప్పుడు, జూలై 16న లండనులో అతని సహాయార్థం రట్స్ చాల సంవత్సరాల తరువాత ఒక వేదిక మీద కలిసినారు. ఓవెన్ స్థానంలో నిలిచి పాడినది అమెరికా గాయకుడు హెన్రీ రోలిన్స్. అతడు యౌవనం నుండి వారి అభిమాని. ఆ అక్టోబరులో ఫాక్స్ మరణించినాడు. పాత పాటను అభిమాని పాడగా, పాడించిన వాద్యగాడు వెళ్ళిపోయినాడు.

2019 ఏప్రిల్‌లో, ఆ దుర్దినానికి 40 ఏండ్లు నిండినప్పుడు, సౌతాల్ టౌన్‌హాలు గోడకు ఊరివారు మూడు ఫలకాలు అమర్చినారు. ఒకటి గురుదీప్ సింగ్ చగ్గర్‌కు, ఒకటి బ్లెయిర్ పీచ్‌కు, మూడవది మిస్టీ ఇన్ రూట్స్ బృందానికి. పంజాబీ యువకుడు, న్యూజిలాండు ఉపాధ్యాయుడు, నల్లవారి వాద్యబృందం ఒకే గోడ మీద చేరినారు. రట్స్ పేరు ఆ గోడ మీద లేదు. ఉండవలసిన పని కూడ లేదు. తమకు మొదటి రికార్డు ఇచ్చిన చేతికి వారు తీర్చుకొన్న ఋణం ఏడంగుళాల వెడల్పున వేరొకచోట చెక్కి ఉన్నది. ముల్లు పెట్టితే క్లారెన్స్ బేకర్ కథ మళ్ళీ మొదటి నుండి వినిపిస్తుంది. గాడిలో పడడం తెలుగువాడు చెప్పినట్లు మంచిదే అని ఆ ఒక్క చోట ఇంగ్లీషువాడు కూడ ఒప్పుకొనవలసి ఉంటుంది.